మొర్రిగూడెం తేలిక

గట్టుపేట ప్రాంతీయ రవాణా సలహా సంఘంలో సభ్యులు ఏడుగురు. అలసిపోయే పని మాత్రం ఒక్కరిదే. ఆ ఒక్కరు స్వరూపారాణి. మిగతా ఆరుగురూ టీ తాగుతూ, మిర్చిబజ్జీలు కొరుకుతూ ఆమె ముఖం వంక చూస్తూ కూర్చుంటారు. ఆమె మెడ వెనక నల్లటి పట్టీ ఒకటి అంటించి ఉంటుంది. ఏదో ఒక రూటులో ముందురోజు బస్సెక్కిన జనం బడలికంతా ఆ పట్టీలోంచి ఆమె ఒంట్లోకి దిగుతుంది. కాసేపయ్యాక అధ్యక్షుడు ముత్యంరెడ్డి గొంతు సవరించుకుంటాడు.

"ఎంతమ్మా?"

పదికి ఎంతో ఆమె చెప్పాలి. ఆమె నోట అంకె వస్తేనే ఆ రూటు మీద తీర్మానం. రాకపోతే వచ్చే నెలకు వాయిదా.

ఆ రోజు చింతలబోరు రూటు. ముందు మోకాళ్లు లాగాయి, తర్వాత నడుము. పైనున్న కడ్డీ పట్టుకుని గంటసేపు వేలాడినట్టు భుజం గుంజింది. ఎవరో బాలింత కాబోలు, కళ్లు తిరిగాయి. మరెవరో రాత్రి డ్యూటీ దిగి వస్తున్న మనిషి నిద్ర ఆమె రెప్పల మీదికి వచ్చి కూర్చుంది. కళ్లు మూసుకునే, "ఎనిమిది" అంది.

"ఎనిమిదట. ఇంకో ట్రిప్పు రాసుకోండి" అన్నాడు ముత్యంరెడ్డి, ఇంకో బజ్జీ అందుకుంటూ. చెడ్డవాడేం కాదు. తహసీల్దారుగా రిటైరైన మనిషి, ఏ కాగితం మీద సంతకం పెట్టినా రేపు ఆడిట్‌లో ఏమంటారోనని భయం, అంతే.

ఆ పట్టీ డాక్టర్ పినాకపాణి బుర్రలోంచి పుట్టింది. బస్సుల్లో ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టే యంత్రాలు అప్పటికే బోలెడున్నాయి. ఎంత అలసిపోయారో చెప్పేది లేదు. ఆయన బస్సు పాసులోనే ఒక పల్చటి రేకు పెట్టాడు. పాసు చేత్తో పట్టుకుంటే చాలు, నాడి, చెమట, వణుకు అన్నీ అది చదివేస్తుంది. మొదట్లో ఆ సంగతులన్నీ గోడ మీద తెరకెక్కించి చూపిస్తే సభ్యులు ఆవలించారు. అంకెలు చూసి ఎవరి కాళ్లకూ నొప్పి పుట్టదు కదా! ఇలా కాదని, బడలికను తిరిగి మనిషి ఒంట్లోకే దించే పట్టీ తయారుచేసి, ఒక మనిషి కావాలన్నాడు. అందరూ ఫ్యాను వంక చూశారు. జూనియర్ కాలేజీలో జాగ్రఫీ చెబుతూ ఇరవై ఏళ్లు బస్సుల్లో పడి తిరిగిన స్వరూపారాణి, "నాకు అలవాటే కదా" అని చెయ్యెత్తింది. మూడేళ్లయింది.

దిగిన బడలిక పూర్తిగా వెళ్లిపోదని అప్పుడు ఎవరికీ తెలియదు. ప్రతిసారీ కొంచెం మిగిలిపోతుంది. ఇప్పుడామె ఇంట్లో స్టూలు వేసుకుని కూర్చునే కూర తరుగుతుంది. కుక్కరు ఎత్తి దించడం భర్త వీరేశం పని. ఇంటి ముందుగదిలో మోటార్లు రివైండింగ్ చేసుకునే వీరేశం, రాగితీగ చుట్టే చేతులతోనే లోపలికి వచ్చి పొయ్యి కట్టేసి వెళ్తుంటాడు.

"ఇగ చాలు స్వరూపా. జిల్లా అందరి అలుపు మన ఇంట్లనే ఎందుకు? మనకు లేదా?" అన్నాడు ఆ సాయంత్రం, ఆమె కాళ్లకు నూనె రాస్తూ.

"ఇంకెవరు మోస్తరు చెప్పు?"

"ఆ రెడ్డి మోయరాదా? బజ్జీలు తిని తిని బలంగనే ఉన్నడు."

నవ్వుదామనుకుంది. నవ్వడానికి కూడా కొంత ఓపిక కావాలి.

"నేన్రేపు ల్యాబుకు పోయొస్త. మొర్రిగూడెం ఏసుకుంటే సర్దుకుంటది" అంది.

మొర్రిగూడెం ఆమెకు మందు. ఎనిమిది నెలల కింద ఆ ఊరి బస్సును తీసి, జనం కిక్కిరిసిపోతున్న కాలేజీ రోడ్డుకు మళ్లించారు. అడవి దారి, గుంతలు, బస్సులు పాడైపోతున్నాయి, ఎక్కేవాళ్లూ తక్కువే. ఊరివాళ్లు వాగు దాటి క్రాస్‌రోడ్డు దాకా వస్తే పెద్ద బస్సు దొరుకుతుందన్నారు. తర్వాతి నెల ఆ ఊరి పాసులు పరీక్షించినప్పుడు ఆమె ఒంట్లోకి అసలేమీ దిగలేదు. దిగలేదని కూడా కాదు, హాయి దిగింది. మోకాళ్లలో స్ప్రింగులు పెట్టినట్టయింది. కుర్చీలోంచి దిగ్గున లేచి, "ఒకటి! ఒకటి కూడా లేదు!" అంది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒక ఊరి అలుపును ఊడ్చిపారేశామని ముత్యంరెడ్డి మిఠాయి తెప్పించాడు. స్వరూపారాణికి కళ్లనీళ్లు తిరిగాయి. తను మోసిన మోత ఊరికే పోలేదనుకుంది.

అప్పట్నుంచి ఒళ్లు మరీ బరువెక్కినప్పుడల్లా పినాకపాణి ఆమెకు కాసేపు మొర్రిగూడెం పట్టీ వేస్తున్నాడు. అదయ్యాక నాలుగు రోజులు మనిషిలా తిరుగుతుంది. డాక్టర్లు ఇచ్చిన గోలీలు ఒక్కటీ అంత పని చేయలేదు.

వచ్చే సమావేశంలో మొర్రిగూడెం ఏర్పాటును శాశ్వతం చేయాలి. అదే పద్ధతిలో ఇంకో ఐదు ఊళ్ల బస్సులు మళ్లించాలి. రాజధానిలో అవార్డు ఇస్తారని కూడా గుసగుసలు. దానికి ముందు ఆ ఊరు ఒక్కసారి చూడాలని ఆమెకు అనిపించింది.

"నన్ను గింత సుఖపెట్టిన ఊరు ఎట్లుంటదో చూడాలె" అంది. వీరేశం నిట్టూర్చి స్కూటరు తీశాడు.

వాగు దగ్గర స్కూటరు దిగి నడవాల్సి వచ్చింది. నీళ్లు మడమల దాకానే ఉన్నా రాళ్లు జారుతున్నాయి. అవతల ఇసుకలో కాళ్లు దిగబడ్డాయి. ఆమె రెండుసార్లు కూర్చుంది. ఈ దారిన వచ్చేవాళ్లకు మోకాళ్లలో స్ప్రింగులు ఎలా ఉన్నాయబ్బా అనుకుంది మొదటిసారి కూర్చున్నప్పుడు. రెండోసారి కూర్చున్నప్పుడు ఏమీ అనుకోలేదు, భయం వేసింది.

ఊళ్లో మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలామె ఇప్పపూలు ఎండబోస్తోంది. పేరు బుచ్చవ్వ.

"ఎవల కోసం బిడ్డా?"

"ఎవరి కోసం కాదవ్వా. ఊరు చూద్దామని."

"సూసేటందుకు ఏమున్నది ఈడ? కూసో, నీళ్లు దాగు. ఒగరుస్తున్నవు."

నీళ్లు తాగి, "బస్సు తీసినంక మీకు అలుపు తగ్గిందట కదా అవ్వా?" అని అడిగింది. అడుగుతుంటేనే ఆ మాట నోట్లో ఎబ్బెట్టుగా తగిలింది.

బుచ్చవ్వ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తగ్గదా మరి? పోతెనే గద అలిసేది! మేమెక్కడికి పోతున్నం? ఇద్దరు ముగ్గురు పోరగాండ్లకు బండ్లున్నయ్, కాసేపట్ల క్రాస్‌రోడ్డుకు ఉరికి బస్సెక్కుతరు, సినిమాకు పోతరు. మాయి పాసులు గూట్ల వడ్డయ్."

లోపల్నుంచి ఆమె కోడలు జమున వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనక చాప మీద ఏడేళ్ల పిల్ల కూర్చుని ఉంది. కాళ్లు రెండూ పక్కకు మడిచి, అవి తనవి కానట్టు.

"మా హారిక. పుట్టుకతోనే నడుస్తలేదు" అంది జమున. "వారంల రెండుసార్లు గట్టుపేట సర్కారు దవాఖానకు తీస్కపోతుంటి. కాళ్లకు కసరత్తు చేపిస్తరు ఆడ. గోడ వట్టుకొని నిలవడుడు దాక అచ్చిందమ్మా. నిలవడి నన్ను జూసి నవ్వింది. గప్పుడే బస్సు బందయింది."

"మరి క్రాస్‌రోడ్డుకు..."

"నడిచిన, ఒక నెల. సంకకెత్తుకొని వాగు దాటి పోయేసరికి పెద్ద బస్సు వోతది, ఆటో ఉంటే ఉంటది, లేకుంటే లేదు. రెండుసార్లు నేను వోయేసరికి కసరత్తు చేపించే సారు ఇంటికి వోయిండు. ఇగ నాతోని కాలే."

"ఎవలో ఆఫీసుల కూసొని తీసిండ్రట" అంది బుచ్చవ్వ, పూలు కలబెడుతూ. "ఆళ్ల కాళ్లు ఇరుగ."

వీరేశం ఏదో అనబోయాడు. స్వరూపారాణి అతని చెయ్యి పట్టి ఆపింది. "ఆ తీసినోళ్లల్ల నేనున్న అవ్వా" అంది. పట్టీ సంగతి చెప్పింది. జనం అలుపు తన ఒంట్లోకి వస్తుందనీ, దాన్ని బట్టే బస్సులు నడుపుతారనీ చెప్పింది.

జమునకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. "గట్లయితే మా సంగతి నీకు తెల్వాలె గదమ్మా?" అంది మామూలుగా.

"నాకు పోయేటోళ్లదే వస్తది జమునా. పోనోళ్లది రాదు."

తిరుగుదారి పట్టారు. ఎనిమిది నెలలుగా తను ఎవరి హాయి అనుకుని ఒళ్లు వాల్చిందో ఇప్పుడు అర్థమైంది. సినిమాకు వెళ్లే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల కాళ్లవి. మిగిలిన ఊరంతా ఆ పట్టీలో లేదు. లేకపోవడమే ఆమెకు మెత్తగా తగిలింది.

వెంటనే వెళ్లి అందరికీ చెప్పేసిందని రాయాలని నాకూ ఉంది. కానీ ఆమె చెప్పలేదు. అలసిపోయిన మనిషికి నిజం కూడా ఒక బరువే, ఎత్తుకోవడానికి టైం పడుతుంది. బస్సు తిరిగి వేస్తే మొర్రిగూడెం తేలిక ఉండదు. అది లేకపోతే తనేమవుతుంది? ఆ వారంలో రెండుసార్లు ల్యాబుకు వెళ్లి, ఏమీ ఎరగనట్టు పట్టీ వేయించుకుంది. మొదటిసారి ఎప్పటిలా హాయిగానే ఉంది, అందుకు ఆమెకు తన మీద అసహ్యం వేసింది. రెండోసారి మోకాళ్లలోకి ఆ కుర్రకారు హుషారు రాగానే చాప మీద పక్కకు మడిచిన కాళ్లు గుర్తొచ్చాయి. పట్టీ పీకి బల్ల మీద పెట్టింది.

"ఏమైందండీ మేడమ్?" అన్నాడు పినాకపాణి.

చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"యంత్రంలో తప్పేమీ లేదండీ. బస్సెక్కనివాళ్ల అలసట ఇందులోకి రాకుండా జల్లెడ పెట్టింది మనమే కదా. గుర్తులేదా? మొదటి ఏడాది పాసులు జేబుల్లో పెట్టుకుని జనం నాట్లేస్తుంటే ఆ నొప్పులన్నీ మీకొచ్చేవి. పొలం అలుపు వ్యవసాయ శాఖది, ఇంటి అలుపు స్త్రీ శిశు సంక్షేమానిది, మనకెందుకు తీసెయ్యమన్నారు అధ్యక్షులవారు. అందరూ చేతులెత్తారు. మీరు కూడానండీ."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు ఎంత సంతోషంగా చెయ్యెత్తిందో కూడా గుర్తొచ్చింది. ఏ శాఖ బరువు ఆ శాఖ మోయాలన్నది అప్పుడు ఎంతో న్యాయంగా వినిపించింది.

"జల్లెడ తీసెయ్యండి" అంది.

"తియ్యొచ్చండీ. కానీ లోపలికొచ్చింది మళ్లీ బయటికి పంపగలనో లేదో చెప్పలేను. అసలే మీ ఒంట్లో మిగిలిపోయింది చాలా ఉంది. ఊరికే నోటితో చెప్పకూడదా వాళ్లకి?"

"మూడేండ్ల నుంచి నా నోట అంకె తప్ప ఇంకో మాట ఇన్నరా ఎవరన్నా?"

పినాకపాణి కుర్చీని కంప్యూటరు వైపు తిప్పుకున్నాడు.

స్వరూపారాణి జమునకు ఫోన్ చేసింది. గూట్లో పడున్న పాసులు తీసి, మరునాడు పొద్దంతా ఎవరి పాసు వాళ్లు ఒంటి మీద ఉంచుకోమంది. "బస్సెక్కకుంటనా?" అని జమున ఆశ్చర్యపోయింది. ఎక్కకుండానే అని స్వరూపారాణి చెప్పింది. ఊళ్లో వాళ్లు ఇదేదో కొత్త సర్వే అనుకుని పాసులు కొంగుకు కట్టుకున్నారు.

సమావేశంలో ముత్యంరెడ్డి గొణిగాడు. జల్లెడ తీయడానికి నిబంధన ఉందా అన్నాడు. తీయకూడదన్న నిబంధనా లేదని పినాకపాణి అన్నాడు. వద్దని చెప్పీ చెప్పీ విసిగిపోయిన వీరేశం ఆ రోజు వరండాలో బెంచీ మీదే కూర్చున్నాడు. పట్టీ అంటించారు. టీలు వచ్చాయి.

ఆమె నొప్పి కోసం కాచుకుంది. ఎక్కడో ఒకచోట మొదలవుతుంది, ఓర్చుకుందాం అనుకుంది. ఏమీ మొదలవలేదు. కాళ్లు నొప్పి పెట్టలేదు, నడుము లాగలేదు. కిటికీ బయట ఎండ కనిపించింది. దాహం వేస్తున్నట్టుంది, గ్లాసు ఎదురుగానే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపి ఏం చేయాలి అనిపించింది. తాగితే మళ్లీ దాహం వేస్తుంది కదా. బయటికి వెళ్లాల్సిన పని ఒకటి ఉండేది. ఎవరితోనో చెప్పాల్సిన మాట ఒకటి ఉండేది. అవి ఉన్న చోటు గుర్తుంది, వాటి కోసం లేవాలన్న కోరిక మాత్రం లేదు. ఇంతమంది ఇన్ని ఇళ్లలో ఇలాగే కూర్చుని ఉన్నారు, బయల్దేరకుండానే అలిసిపోయి.

"ఎంతమ్మా?" అన్నాడు ముత్యంరెడ్డి.

ఆమె గ్లాసు వంకే చూస్తోంది.

"అంకె చెప్పమ్మా. పదా? పదైతే పదనే రాసుకుందాం, ఏముంది."

"లేవబుద్ధయితలేదు" అంది స్వరూపారాణి.

"లేవమంటలేనమ్మా. అంకె అడుగుతున్న."

"లేవబుద్ధయితలేదు సార్."

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. పినాకపాణి గబగబా వచ్చి పట్టీ తీసేశాడు. తీసినా ఆమె అలాగే కూర్చుంది. బజ్జీలు ఎవరూ ముట్టుకోలేదు. వీరేశం లోపలికి వచ్చి ఆమె ముందు కింద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, "స్వరూపా, ఇంటికి పోదాం రా" అన్నాడు. ఆమె అతని వంక చూసింది, గుర్తుపట్టింది, కానీ కదల్లేదు. మూడేళ్లుగా ఆమె ముఖం చూస్తూ టీలు తాగిన మనుషులు ఆ రోజు మొదటిసారి తలలు దించుకున్నారు.

ముత్యంరెడ్డి చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆడిట్ గుర్తుకొచ్చినట్టుంది. చివరికి, "అంకె లేకుంటనే రాయండి" అన్నాడు. "మొర్రిగూడెం బస్సు మళ్ల ఏద్దాం. మూడు నెలలు చూద్దాం. మిగిలిన ఐదు ఊర్ల సంగతి అప్పటిదాక ఆపండి. మూడు నెలల్ల ఎక్కేటోళ్లు లేకపోతే మాత్రం నేనేం చేయలేను, ముందే చెప్తున్న."

వీరేశం, పినాకపాణి చెరో పక్కా పట్టుకుని ఆమెను ఆటో ఎక్కించారు. ఇంట్లో నాలుగు రోజులు మంచం మీదే ఉంది. అన్నం పెడితే తింది, పెట్టకపోతే అడగలేదు. వీరేశం దుకాణం తెరవలేదు. ఐదో రోజు పొద్దున బస్సు మొర్రిగూడెం వెళ్తుందని పినాకపాణి కబురు చేశాడు. వీరేశం ఆ మాట ఊరికే చెప్పాడు, చెబితే లేస్తుందని కాదు. ఆమె లేచింది. చీర మార్చుకోవడానికి అంతసేపు పట్టడం అతనెప్పుడూ చూడలేదు. తోడు వస్తానంటే వద్దంది.

బస్సులో డ్రైవరు, కండక్టరు, ఆమె. రోడ్డు మీదికి వాలిన కొమ్మలు అద్దాలకు కొట్టుకున్నాయి. వాగు దాటే చోట రాళ్ల మీద కొత్తగా మొరం పోసి ఉంది. మొర్రిగూడెంలో బస్సు ఆగి హారన్ కొడితే ముగ్గురు ఎక్కారు. మిగిలినవాళ్లు ఇళ్ల ముందు నిలబడి చూశారు. రేపు ఉంటుందో లేదో తెలియని బస్సు కోసం ఈ రోజు పని మానుకోవడం ఎందుకన్నట్టు చూశారు. జమున కనిపించలేదు.

"పది నిమిషాలు ఆగుతరా?" అంది డ్రైవరుతో.

"ఐదు ఆగుత మేడం. టైం తప్పితే నన్నంటరు."

ఇంటికి వెళ్లేసరికి జమున గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన హారిక.

"బస్సు సప్పుడు ఇన్నం పెద్దమ్మా" అంది జమున. "పిల్ల బరువైంది. కాళ్లు బిర్రుగైనయ్, చాపితే ఏడుస్తది. ఇప్పుడు తీస్కపోతే ఇన్ని రోజులేం జేసినవని సారు తిడ్తడు."

"నన్ను తిట్టమని నేను చెప్త. లే జమునా."

"పోతం, ఆడ నిలవడ్తది, మల్ల బస్సు తీసేస్తరు. ఎన్నిసార్లు పెద్దమ్మా?" జమున కళ్లు మూసుకుంది. "నాకు లేవబుద్ధయితలేదు."

ఆ మాట స్వరూపారాణికి కొత్త కాదు. ఐదు రోజులుగా ఆమె ఒంట్లో ఉన్నది అదే. దానికి చెప్పగలిగిన జవాబేదీ ఆమె దగ్గర లేదు. ఉండుంటే ముందు తనకే చెప్పుకునేది. బస్సు తీయరని మాట ఇవ్వలేదు, అది తన చేతిలో లేదు. బయట హారన్ మోగింది.

ఆమె చాప మీద పిల్లకు వీపు పెట్టి గొంతుక్కూర్చుంది. "ఎక్కు" అంది.

హారిక మెడ చుట్టూ చేతులేసింది. "పడేస్తవా?" అని చెవిలో అడిగింది.

"ఏమో. గట్టిగ వట్టుకో."

లేవడానికి గోడ ఆసరా కావాల్సి వచ్చింది. గడప దాటాక నాలుగడుగులకే ఊపిరి అందలేదు. పిల్ల బరువు వీపు మీద జారిపోతోంది, పైకి ఎగదోసుకుంటూ నడిచింది. బుచ్చవ్వ అరుగు మీంచి, "ఓ జమునా, నీ పిల్లను తీస్కపోతున్నది సూడే!" అని కేకేసింది. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. జమున చేతిసంచీ, పిల్ల గౌనూ పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. వచ్చి కింద నుంచి పిల్ల కాళ్లు పట్టుకుంది. హారిక నొప్పికి ఏడ్చింది. ఇద్దరూ కలిసి బస్సు మెట్లెక్కించారు.

డ్రైవరు గేరు వేశాడు. జమున కొంగు ముడి విప్పి పాసు తీసి పట్టుకుంది. కండక్టరు స్వరూపారాణి దగ్గరికి వచ్చి పాసు అడిగాడు. లేదంది. సభ్యురాలిగా ఆమెకు కారు భత్యం ఇస్తారు, పాసు ఇవ్వరు. టికెట్ చింపి ఇచ్చాడు. పట్టుకునే లోపే టికెట్ ఆమె వేళ్లలోంచి జారి కింద పడింది. జమున వంగి తీసి ఇచ్చింది.

"బాగ అలిసినవా పెద్దమ్మా?"

"అలిసిన" అంది స్వరూపారాణి, కిటికీ పక్కన పిల్లను సర్ది కూర్చోబెడుతూ. "ఇది నాదే."